మొదట చూడాల్సిన మూకీ చిత్రం ఎవరిది: చాప్లిన్‌దా, కీటన్‌దా, మూర్నావ్‌దా?

నూరేళ్ల నాటి మూకీ చిత్రాలను చూడాలనుకునేవారు దేనితో మొదలుపెట్టాలన్నది చిన్న విషయం కాదు. మొదటి గంట విసుగు పుట్టిస్తే రెండో చిత్రం జోలికి వెళ్లేవారు అరుదు. అందుకే చాప్లిన్ ‘ది గోల్డ్ రష్’ (1925), అమెరికన్ హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ ‘ది జనరల్’ (1926), జర్మన్ దర్శకుడు మూర్నావ్ ‘ది లాస్ట్ లాఫ్’ (1924) చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడటం అవసరం.

త్వరగా మనసు దోచేది చాప్లినే. మంచు కొండల్లో ఆకలికి తాళలేక బూటును ఉడికించి, దాని లేసులను ఫోర్కుకు చుట్టుకుని, మేకులను ఎముకల్లా చప్పరించే దృశ్యానికి ఏ వివరణా అక్కరలేదు. అయితే ఈ చిత్రానికి రెండు రూపాలున్నాయి. 1942లో చాప్లిన్ టైటిల్ కార్డులను, అంటే దృశ్యాల మధ్య మాటలను రాసి చూపే పలకలను, తీసేసి, తన గొంతుతోనే వ్యాఖ్యానం జోడించి, నిడివి తగ్గించి మళ్లీ విడుదల చేశాడు. కొత్తవారికి అదే సులువని తోచవచ్చు గానీ, ముఖం అప్పటికే చెప్పేసిన సంగతిని మాట వచ్చి మళ్లీ చెబుతుంటే దృశ్యం బలం తగ్గుతుంది; కాబట్టి 1925 నాటి రూపమే మేలు.

అయినా నన్నడిగితే మొదటి స్థానం కీటన్‌దే. ప్రియురాలు కాదన్న దిగులుతో అతడు రైలింజను చక్రాలను కలిపే కడ్డీ మీద కూర్చుంటాడు. ఇంజను కదిలి, ఆ కడ్డీ అతణ్ణి పైకెత్తి దించుతూ తీసుకుపోతున్నా కాసేపటి దాకా అతనికి తెలియదు. ముఖంలో కదలిక లేదు, కెమెరా దగ్గరికి రాదు, అయినా ఆ ఒంటరితనమంతా మనకు అందుతుంది. మరోచోట కదులుతున్న ఇంజను ముందు కూర్చుని, చేతిలోని దుంగను పట్టాల మీద అడ్డుగా పడి ఉన్న మరో దుంగపై విసిరి, రెండింటినీ ఒక్క దెబ్బతో పక్కకు ఎగరగొడతాడు. అది నిజమైన ఇంజను, నిజమైన దుంగలు. చూపు మరల్చకుండా చూడటం ఎందుకో ఈ చిత్రం నేర్పినట్టు మరేదీ నేర్పదని నా నమ్మకం.

ఏ చిత్రాన్ని ఎంచుకున్నా, దాని ఏ ప్రతిని (ప్రింటును) చూస్తున్నామన్న దానిలో రాజీ పడకూడదు. ఆ కాలంలో సెకనుకు ఇన్నే ఫ్రేములన్న స్థిరమైన లెక్క లేదు. చాలా చిత్రాలను శబ్దంతోపాటు స్థిరపడిన 24 కన్నా తక్కువ వేగంతో తీశారు. వాటిని 24తో నడిపిన ప్రతుల్లో మనుషులు గబగబా గెంతుతున్నట్టు కనిపిస్తారు. ఆ తొందరపాటు నటులది కాదు. పునరుద్ధరించిన ప్రతిలో అదే నడక మామూలు నడకలా ఉంటుంది.

హాస్యం రుచించనివారు మూర్నావ్‌తోనే మొదలుపెట్టవచ్చు. మిగిలినవారికి అది రెండో మూడో చిత్రంగా ఉండటమే మంచిది, ఎందుకంటే అది నెమ్మదిని కోరుతుంది. ముసలివాడయ్యాడని ఒక హోటల్ ద్వారపాలకుణ్ణి మరుగుదొడ్ల పనికి మార్చి, అతని యూనిఫారం లాగేసుకుంటారు. టైటిల్ కార్డులు దాదాపు లేకుండానే కథ నడుస్తుంది. ఆ యూనిఫారం కోటు ఒంటి మీద ఉన్నప్పుడు ద్వారపాలకుడిగా నటించిన ఎమిల్ యానింగ్స్ భుజాలు ఎలా నిలిచాయో, అది పోయాక ఎలా కుంగాయో చూసినవారికి, ఇరుగుపొరుగు ముందు తలెత్తుకోవడానికి అతడు ఆ కోటునే దొంగిలించి తొడుక్కోవడం ఎందుకో ఎవరూ చెప్పనక్కరలేదు.