కాలువ గట్టు మీద పాత పడవల గొడౌన్‌లో ఒక రాత్రి

బెజవాడ దగ్గర కాలువ గట్టు మీద పాత గొడౌన్‌ని రూములుగా మార్చారంటే వీకెండ్‌కి వెళ్ళొచ్చాం. పేరు రాయట్లేదు, ఎందుకో చివర్లో తెలుస్తుంది. మన కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయ్యాక ఈ కాలువలు పొలాలకే కాదండీ, పడవలకి కూడా, రైళ్ళూ లారీలూ పుంజుకునేదాకా బియ్యం ఉప్పు అన్నీ వీటిమీదే తిరిగేవి, గాలి లేకపోతే తాడు కట్టి గట్టు మీంచి మనుషులే లాక్కెళ్ళేవాళ్ళు. వాచ్‌మన్ తాతైతే "ఇక్కడెక్కితే మద్రాసులో దిగొచ్చమ్మా" అన్నాడు. నిజమే, సీతానగరం లాకులు (నీటిమట్టం మార్చి పడవల్ని దాటించే గేట్లు) దాటి దుగ్గిరాల, కొమ్మమూరు కాలువ, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువ, అలా పోవడమే.

పైన టేకు దూలాలు, మద్రాస్ టెర్రస్ కప్పు (దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో వేసేది) అలాగే ఉంచారు, దానికి మాత్రం దండం పెట్టాలి. మే నెలలో కూడా మధ్యాహ్నం ఏసీ వెయ్యలేదు మేము!

కానీ గోడలు... పాత గానుగ సున్నం గోడకి సిమెంటు పూస్తే ఎలా అండీ? సున్నమైతే చెమ్మని బయటికి వదుల్తుంది, సిమెంటు వదలదు, లోపలే ఉండిపోయి ఉప్పు పూసి పెచ్చులూడుతుంది. మా మంచం పక్క గోడ సరిగ్గా అదే. పొద్దున లేచేసరికి దిండు మీద పొడి. చెప్తే పెయింట్ వేయిస్తాం మేడం అన్నారు, పెయింట్ కాదయ్యా బాబూ! పెసరట్టు బావుంది. దోమలు మాత్రం ఫ్రీ. 3 స్టార్లు.