సెకండ్ హ్యాండ్ డీజిల్ ఎర్టిగా: నాలుగేళ్లు నడిపాక

నెలకు వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని వాళ్లు పాత డీజిల్ బండి జోలికి వెళ్లకపోవడమే మంచిది. అంతకు మించి తిరిగేవాళ్లకు, అందులోనూ ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఊళ్లకు వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి బేరం నాకు కనిపించలేదు.

మాది 2016 మోడల్ మారుతి ఎర్టిగా, ఎస్‌హెచ్‌వీఎస్ (మారుతి మైల్డ్ హైబ్రిడ్) డీజిల్. అంతకుముందు పెట్రోల్ బండి ఉండేది. మేముండేది హైదరాబాద్, అమ్మానాన్నలు ఉండేది తణుకు దగ్గర. అంటే ఒకవైపే దాదాపు 400 కిలోమీటర్లు. దానికి తోడు పని మీద సూర్యాపేట, ఖమ్మం వైపు తరచూ వెళ్లాలి. పెట్రోల్ బండిలో సిటీ, హైవే కలిపి లీటరుకు 13 వచ్చేది. ఊరికి వెళ్లొచ్చిన ప్రతిసారీ బంకు ఖర్చు చూసి గుండె గుభేలుమనేది.

ఈ బండికి కంపెనీ చెప్పిన ఏఆర్ఏఐ మైలేజీ, అంటే పరీక్షా కేంద్రంలో తేల్చిన లెక్క, లీటరుకు 24.52. రోడ్డు మీద అంత ఆశించకండి. నేను ప్రతిసారీ ట్యాంకు ఫుల్ చేసి, మళ్లీ ఫుల్ చేసేటప్పుడు పట్టిన లీటర్లతో లెక్క వేస్తాను. విజయవాడ హైవే మీద ఏసీ వేసుకుని 90లో నిలకడగా వెళ్తే 20 నుంచి 21 వస్తుంది. అదే రోడ్డు మీద 110 దాటి తోలితే 17కు పడిపోతుంది. ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో 14, 15. మొత్తం మీద 18 అనుకోవచ్చు. ట్యాంకు 45 లీటర్లు కాబట్టి హైదరాబాద్‌లో నింపుకుంటే తణుకు వెళ్లాక కూడా డీజిల్ మిగిలే ఉంటుంది. తెలంగాణ కంటే ఆంధ్రలో డీజిల్ రేటు ఎక్కువ కాబట్టి కోదాడ దాటకముందే నింపుకోవడం మాకు అలవాటైపోయింది.

డబ్బు లెక్క ఇదీ. 2025లో హైదరాబాద్‌లో పెట్రోల్ 107 పైచిలుకు, డీజిల్ 95 పైచిలుకు. పాత బండికి కిలోమీటరుకు 8 రూపాయలు దాటేది, దీనికి 5 రూపాయల 30 పైసలు. దగ్గర దగ్గర 3 రూపాయల తేడా. నెలకు 1500 కిలోమీటర్లు తిరిగితే నాలుగు వేలకు పైగా మిగులుతాయి. 500 మాత్రమే తిరిగితే మిగిలే పదిహేను వందలను సర్వీసింగే తినేస్తుంది. రేట్లలో తేడా బాగా తగ్గిపోయిన ఈ రోజుల్లో డీజిల్ చవకని కాదు, లీటరుకు ఎక్కువ దూరం లాగుతుందనే కొనాలి.

మైలేజీ కోసం కొన్నా, నాకు బాగా నచ్చింది దీని లాగుడు. 1.3 లీటర్ల ఇంజిన్, 90 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్ల టార్క్. శ్రీశైలం దారిలో ఈగలపెంట దాటి డ్యామ్ దగ్గరికి దిగాక మళ్లీ సున్నిపెంట వైపు ఎక్కే మలుపులు తెలుసుగా. ఏడుగురం కూర్చున్నా, ఏసీ నడుస్తున్నా రెండో గేరులో, మూడో గేరులో హాయిగా ఎక్కేస్తుంది. కాకపోతే 1800 ఆర్‌పీఎం లోపు ఈ చిన్న టర్బో ఇంజిన్ కాస్త బద్ధకిస్తుంది. సిటీలో గేరు మాటిమాటికీ తగ్గించాలి. ఎడమ కాలికి పని ఎక్కువే. మూడో వరుస పిల్లలకు సరిపోతుంది గానీ పెద్దవాళ్లు అందులో విజయవాడ దాకా కూర్చోవడం కష్టం. ఆ వరుస తెరిస్తే సామాను పెట్టుకోవడానికి చోటుండదు.

ఖర్చుల విషయానికొస్తే, కొన్న ఏడాదికి క్లచ్ మార్చాం. సిటీలో అరిగిన బండికి అది మామూలే, పదిహేను వేల లోపే అయింది. ఒకసారి పికప్ తగ్గి నల్ల పొగ వచ్చింది. చూస్తే టర్బో దగ్గర రబ్బరు గొట్టం పాతబడి చీలింది. ఎస్‌హెచ్‌వీఎస్ బ్యాటరీ మామూలు బ్యాటరీ కంటే ఖరీదు, అది ముందే బడ్జెట్‌లో వేసుకోండి. ఆయిల్ 10,000కు ఒకసారి తప్పకుండా మార్పిస్తాను. డీజిల్ ఫిల్టర్‌లో చేరే నీళ్లు తీయించడం మరవను, నీళ్లు లోపలికి వెళ్తే ఇంజెక్టర్లు పాడవుతాయి, అవి పోతే జేబుకు పెద్ద చిల్లే. హైవే నుంచి వచ్చి ఆగగానే ఇంజిన్ ఆపేయకుండా ఒక నిమిషం అలా వదిలేస్తాను, వేడెక్కిన టర్బో చల్లబడాలి.

కొనబోయేవాళ్లు ఉదయాన్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఇంకోరోజు వస్తామని చెప్పండి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూడండి, ఆవిరి బుసబుసమని తన్నుకొస్తుంటే ఆ బండి వద్దు. స్టార్ట్ చేయగానే ముందువైపు గలగలమంటే టైమింగ్ చైన్ చూపించాలి. మీటర్ తిప్పేయడం మామూలైపోయింది కాబట్టి సర్వీసు రికార్డు అడగండి, క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ అరుగుదల చూడండి. హైదరాబాద్ బండి అయితే 2020 అక్టోబరు వరదల్లో మునిగిందేమో చూసుకోవాలి: సీటు పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద మట్టి, ముక్కిన వాసన. ఆర్సీ మీద ఫైనాన్స్ తొలగించారా, చలానాలు ఎన్ని ఉన్నాయి అన్నది డబ్బు ఇవ్వకముందే తేల్చుకోండి. ఆంధ్ర బండి తెలంగాణకు తెచ్చుకుంటే ఎన్వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), లైఫ్ ట్యాక్స్ ఖర్చు కూడా కలపాలి.

కొత్త మోడల్ కావాలనుకుని బీఎస్6 డీజిల్ చూసేవాళ్లకు ఒక మాట. వాటిలో డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. రోజూ నాలుగైదు కిలోమీటర్లే నడిపితే అందులో మసి పేరుకుని హెచ్చరిక లైటు వెలుగుతుంది. వాటిని అప్పుడప్పుడూ హైవే ఎక్కించక తప్పదు.

2020 ఏప్రిల్‌తో మారుతి డీజిల్ బండ్లు మానేసింది. అయినా విడిభాగాలకు ఇప్పటిదాకా టెన్షన్ పడలేదు. ఇదే కుటుంబానికి చెందిన ఇంజిన్ స్విఫ్ట్, డిజైర్‌లలోనూ, టాటా, ఫియట్ బండ్లలోనూ లక్షల్లో తిరుగుతోంది. తణుకులో అయినా, సూర్యాపేటలో అయినా దీన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు. పదేళ్లు దాటితే డీజిల్ బండి తిప్పకూడదనే నిషేధం ఇక్కడ లేదు. మా ఆర్సీ 2031 దాకా ఉంది, అప్పటివరకు అమ్మే ఉద్దేశం లేదు.