ఘనపరిమాణం కొలిచే కిట్ కొంటున్నారా? జాడీని ఒకసారి తూకం వేసి చూడండి

ఓవర్‌ఫ్లో క్యాన్ (నిండా నీళ్లు పోసి వస్తువు ముంచితే, పొర్లిన నీళ్లు ముక్కు గుండా కొలజాడీలోకి వచ్చే డబ్బా), 250 మి.లీ. ప్లాస్టిక్ కొలజాడీ, కొన్ని లోహపు దిమ్మెలు కలిపి సెట్‌గా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా, పిల్లల చేత ప్రయోగం చేయించాలని అలాంటిదే ఒకటి తెప్పించాను. కొనబోయేవాళ్లు దయచేసి జాగ్రత్త. నాకు వచ్చిన దాంట్లో దిమ్మెలు బాగానే ఉన్నాయి, కొలిచే జాడీయే తప్పు.

2×2×10 సెం.మీ. అల్యూమినియం దిమ్మె, అంటే 40 ఘన సెంటీమీటర్లు. బరువు 108 గ్రాములు, సాంద్రత 2.7 వస్తుంది, అల్యూమినియంకి ఉండాల్సింది అంతే. దాన్నే దారం కట్టి జాడీలో పూర్తిగా ముంచితే నీటిమట్టం 42, 43 మి.లీ. మధ్య పెరుగుతోంది! ఆ లెక్కన సాంద్రత 2.54కి పడిపోయింది. బుడగలు అంటుకున్నాయేమోనని కదిపి చూశాను, కన్ను నీటిమట్టానికి సమానంగా పెట్టి చదివాను, మార్పు లేదు. అనుమానమొచ్చి ఖాళీ జాడీని త్రాసు మీద పెట్టి, సున్నా చేసి, 200 గీత దాకా నీళ్లు పోస్తే 188 గ్రాములే తూగింది. మామూలు గది వేడిలో అది 199 దాటాలి, ఒకటి రెండు గ్రాముల తేడా అయితే ఎవరూ పట్టించుకోరు, 11 గ్రాములు దాటిందంటే గీతలు ఇష్టమొచ్చినట్టు ముద్రించారనే.

ఇక క్యాన్. ఫొటోలో ముక్కు కిందికి వంగి ఉంది, వచ్చినదానికి అడ్డంగా, పొట్టిగా ఉంది. పొర్లిన నీళ్లు ముక్కు కింద అంటుకుని క్యాన్ గోడ వెంబడి కారిపోతున్నాయి, జాడీలోకి చేరడం లేదు. చిన్న గోళీ వేస్తే రావాల్సిన రెండు మూడు మి.లీ. దారిలోనే పోతాయి.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. క్యాన్ నీళ్లు తక్కువ ఇస్తుంది, జాడీ ఎక్కువ చూపిస్తుంది, పెద్ద దిమ్మె వేసినప్పుడు ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసి జవాబు దాదాపు సరిగ్గా వచ్చేస్తుంది. రివ్యూల్లో "బాగా పనిచేస్తోంది" అని రాసినవాళ్లకి అలాగే వచ్చి ఉంటుందని నా అనుమానం.

అమ్మినవాళ్లని అడిగితే "స్కూలు పిల్లలకి ఆ మాత్రం తేడా మామూలే అండీ" అన్నారు. నాకు ఒళ్లు మండింది, పిల్లలకైతే తప్పు కొలత నేర్పొచ్చా?

కిట్ ఇప్పటికే తెప్పించుకున్నవాళ్లు రిటర్న్ గడువు దాటకముందే ఆ 200 గీత పరీక్ష చేయండి, త్రాసు అంకె, నీటిమట్టం రెండూ ఒకే ఫ్రేములో కనిపించేలా వీడియో తీసి పెట్టుకోండి. నేను ఫొటో పంపితే "స్పష్టంగా లేదు" అని తిప్పి పంపారు, వీడియో పంపాకే రిటర్న్‌కి ఒప్పుకున్నారు.