ఎం.ఎడ్. మేలా, ఎంఏ ఎడ్యుకేషన్ మేలా? తిరుపతిలోనా, బెంగళూరులోనా?

పోయిన వారం పలమనేరు నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. ‘అక్కా, తిరుపతిలో ఎం.ఎడ్. చేసేదా, బెంగళూరులో ఎంఏ ఎడ్యుకేషన్ చేసేదా, తొందరగా చెప్పు’ అని. ఎంఏ ఇంగ్లీషు, బీఈడీ అయిపోయి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది. మొన్నటి డీఎస్సీలో ఉద్యోగం రాలేదు. రెండూ ఒకటే కదా, పేరే కదా తేడా అంది. అక్కడే నాకు మండింది, ఎందుకంటే పదేళ్ల కిందట నేనూ అచ్చం ఇలాగే అనుకుని, ఎవరినీ అడక్కుండా ఎం.ఎడ్.లో చేరాను. అది నాకు కలిసొచ్చింది గానీ, తెలిసి చేసింది కాదు.

ముందు డీఎస్సీ సంగతి తేల్చేద్దాం. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు. దాంట్లో లెక్క ఏమిటంటే రాతపరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం. ఎం.ఎడ్. ఉందని ఒక్క మార్కు కూడా కలవదు. కాబట్టి ‘ఊరికే ఇంట్లో కూర్చోవడం ఎందుకు, మళ్లీ డీఎస్సీ పడేదాకా ఏదో ఒక పీజీ చేద్దాం’ అనే ఆలోచన ఉంటే మానుకోండి. రెండేళ్లు ఇటు చదువూ సరిగ్గా సాగదు, అటు ప్రిపరేషనూ సాగదు.

ఇక అసలు తేడా. ఎం.ఎడ్. అనేది ఎన్‌సీటీఈ (టీచర్ల శిక్షణ కోర్సులను చూసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉండాల్సిన వృత్తి కోర్సు. బీఈడీ చేసి కనీసం 50 శాతం ఉంటేనే సీటు (డీఎడ్‌తో పాటు డిగ్రీ ఉన్నవాళ్లకూ దారి ఉంది). 2014 నిబంధనల తర్వాత 2015-16 నుంచి రెండేళ్లు చేశారు. మళ్లీ ఏడాదికి తగ్గిస్తామని 2025 ఫిబ్రవరిలో ముసాయిదా బయటపెట్టారు కాబట్టి, చేరేముందు ఆ కాలేజీలో ఏ పద్ధతి నడుస్తోందో కనుక్కోండి. ఎంఏ ఎడ్యుకేషన్ మామూలు పీజీ లాంటిది. బీఈడీ లేకపోయినా, ఏ డిగ్రీతోనైనా చేరొచ్చు. టీచర్లకు పాఠం చెప్పేవాళ్లను తయారుచేసేది మొదటిది. చదువు అనే విషయాన్ని, అంటే బడులు ఎందుకిలా ఉన్నాయి, పాఠ్యపుస్తకం ఎవరు రాస్తారు, పేదపిల్లలు మధ్యలో ఎందుకు మానేస్తారు, ఇలాంటివాటిని చదివించేది రెండోది.

మరి ఉద్యోగం? నా లెక్క ప్రకారం మొత్తం కథ ఇక్కడే ఉంది. బీఈడీ కాలేజీలో ఇంగ్లీషో లెక్కలో బోధించే పద్ధతులు చెప్పాలంటే ఆ సబ్జెక్టు పీజీలో 55 శాతం, ఎం.ఎడ్.లో 55 శాతం, రెండూ కావాలి. కార్వేటినగరం డైట్ (ప్రభుత్వ టీచర్ శిక్షణ సంస్థ) లాంటి చోట లెక్చరర్ అవ్వాలన్నా పీజీ, ఎం.ఎడ్. జంటగా ఉండాల్సిందే. ఫౌండేషన్ పేపర్లు (ఫిలాసఫీ, సోషియాలజీ, సైకాలజీ బాపతు) చెప్పేవాళ్లకు మాత్రం ఎన్‌సీటీఈ నిబంధనల్లోనే ఇంకో దారి ఉంది. ఎంఏ ఎడ్యుకేషన్‌లో 55, బీఈడీలో 55 ఉంటే చాలు. ఈ సంగతి మన వైపు చాలామందికి తెలియదు. కొన్ని కాలేజీల ఆఫీసుల్లో కూడా తెలియదు, నోటిఫికేషన్ కాపీ ప్రింటు తీసి చూపించాల్సి వస్తుంది. నెట్ (లెక్చరర్ల జాతీయ అర్హత పరీక్ష) రాయడానికి రెండూ పనికొస్తాయి. ఎడ్యుకేషన్ సబ్జెక్టు ఒక్కటే, రెండు పేపర్లు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, నెగెటివ్ లేదు.

నాతో పాటు ఎం.ఎడ్. చదివిన ఒకాయన క్లాసులో ఫస్టు. పీజీలో 52 శాతం. రెండేళ్లూ ఒక్కరూ చెప్పలేదు ఆయనకు, ఈ 52తో పెడగాజీ (బోధన పద్ధతులు చెప్పే) పోస్టుకు పనికిరావని. ఇంటర్వ్యూ రోజు సర్టిఫికెట్లు చూసేటప్పుడు తెలిసింది. అందుకే ఎవరు అడిగినా నా మొదటి ప్రశ్న ‘ఏ యూనివర్సిటీ’ కాదు, ‘మీ పీజీ మెమోలో ఎంత’ అని.

తిరుపతిలోనే ఉండాలంటే మూడు చోట్లు ఉన్నాయి, మూడూ పక్కపక్కనే. ఎస్వీయూ (1954), పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం (1983), జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం. చివరిదాంట్లో శిక్షాచార్య అంటే అది ఎం.ఎడ్.తో సమానం, కాకపోతే సంస్కృతం రానివాళ్లకు కాదు. అది 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది, దాని అడ్మిషన్ దారి వేరు. మిగతా రెండింటికి ఏపీ పీజీసెట్ అనే ఎంట్రన్స్ రాయాలి. గంటన్నరలో వంద ప్రశ్నలు, తప్పుకు మార్కు కోయరు. బీఈడీ పుస్తకాలు మళ్లీ ఒకసారి గట్టిగా తిరగేస్తే సరిపోతుంది. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే కాబట్టి చిత్తూరు పిల్లలకు భయం అక్కర్లేదు గానీ, స్టడీ సర్టిఫికెట్లు ముందే తెచ్చిపెట్టుకోండి. కౌన్సెలింగ్ ముందురోజు చదివిన బడి దగ్గరికి పరుగెత్తడం, హెడ్మాస్టరు లీవులో ఉండడం, ఇది ప్రతి ఏడూ జరిగే తంతు. మహిళా వర్సిటీకి ఇంకో లాభం, ‘అది ఆడపిల్లలదే నాన్నా’ అంటే ఇంట్లో సగం వాదన అక్కడితో అయిపోతుంది. పుత్తూరు, పాకాల, చంద్రగిరి వాళ్లయితే రోజూ వచ్చి పోవచ్చు. ఖర్చు తక్కువ, ఇంటి తిండి.

ప్రైవేటు కాలేజీల్లో ‘నాన్ అటెండింగ్’ అని ఒక బేరం ఉంటుంది, మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఫీజు కట్టు, పరీక్షకు రా, మిగతాది మేం చూసుకుంటాం అని. నిబంధన ప్రకారం ఎం.ఎడ్.లో క్లాసులకు 80 శాతం, ఫీల్డ్ పనికి 90 శాతం హాజరు ఉండాలి. నేను మొదట పనిచేసిన ఒక కాలేజీలో రిజిస్టరులో అందరూ ఉండేవాళ్లు, గదిలో నేనూ ఫ్యానూ ఉండేవాళ్లం. అలా పాసైనవాళ్లు ఇంటర్వ్యూలో డిసర్టేషన్ (కోర్సులో రాయాల్సిన పరిశోధన వ్యాసం) టైటిల్ కూడా చెప్పలేక నీళ్లు నమలడం కళ్లారా చూశాను.

బెంగళూరు సంగతికొస్తే, సర్జాపుర దగ్గర అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో రెండేళ్ల ఎంఏ ఎడ్యుకేషన్. ఎంట్రన్స్, ఇంటర్వ్యూ. ఫీజు చూసి గుండె ఆగుతుంది, కానీ ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు, కాబట్టి అంకె చూసి పేజీ మూసేయకండి. అక్కడ చదివిన నా స్నేహితురాలు ఇప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థలో ప్రభుత్వ బడి టీచర్లతో పనిచేస్తోంది. ఆమె మొదటి ఆర్నెల్లు ఏడ్చింది. తెలుగు మీడియం నుంచి వెళ్లి వారానికి ఇన్ని పేజీల ఇంగ్లీషు వ్యాసాలు చదివి, మళ్లీ దానిమీద రాయడం అంటే మాటలు కాదు. కానీ రెండో ఏడు ఫోన్‌లో ఆమె మాట్లాడే తీరే మారిపోయింది. నేను పరీక్షకు బట్టీ పెట్టిన కమిటీల పేర్ల మీద ఆమె వాదన పెట్టుకునేది, నాకు కొంచెం కుళ్లు పుట్టిన మాట నిజం. అయితే ఆమెకు డైట్ పోస్టు కావాలంటే ఆ డిగ్రీతో కుదరదు, అదీ నిజమే.

మైసూరు ఆర్ఐఈ (రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్) గురించి మన జిల్లాలో పెద్దగా ఎవరూ మాట్లాడరు, నాకు ఆశ్చర్యం. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లది, 1963 నుంచి ఉంది, దక్షిణాది రాష్ట్రాల కోసం పెట్టింది, క్యాంపస్‌లోనే సొంత బడి ఉంది. ఎం.ఎడ్. కావాలి, చదువూ గట్టిగా ఉండాలి, ఫీజు మాత్రం భారం కాకూడదు అనుకునేవాళ్లు దీన్నే ముందు చూడాలని నా అభిప్రాయం. తిరుపతి నుంచి మైసూరుకు నేరుగా రైలుంది.

ఇగ్నోలో ఎంఏ ఎడ్యుకేషన్ ఉద్యోగం మానలేనివాళ్లకు. కనీసం రెండేళ్లు, నాలుగేళ్ల దాకా సాగదీయొచ్చు. తెలుగులో రాయడానికి లేదు. అసైన్‌మెంట్లు చివరి వారంలో రాసేవాళ్లు దీని జోలికి పోకండి, ఎప్పటికీ పూర్తికాదు.

మా చెల్లెలికి ఇదంతా చెప్పి, నీకు పలమనేరు నుంచి ఇటు తిరుపతీ బస్సే, అటు బెంగళూరూ బస్సే, దూరం గురించి ఆలోచించకు, లెక్చరర్ కావాలంటే ఎం.ఎడ్., అదీ పీజీసెట్‌తో పాటు మైసూరుకూ అప్లై చెయ్ అన్నాను. సరే అని పెట్టేసింది. నిన్న రాత్రి మళ్లీ ఫోన్. బీరువాలోంచి పీజీ మెమో తీసి లెక్క కట్టిందట, 54.6. బీఈడీలో మాత్రం 71. కొన్ని వర్గాలకు ఇచ్చే మార్కుల సడలింపు మాకు వర్తించదు. ‘అయితే నాకు ఎంఏ ఎడ్యుకేషనే కదక్కా’ అంది. ఫౌండేషన్ పేపర్ల దారి ఉంది కదా, అవునన్నాను. కాసేపాగి, ఇంప్రూవ్‌మెంట్ రాస్తే ఎట్లుంటుంది అని అడిగింది.