కాటా కనిపించని కేటలాగు: ఐటాప్‌తో నా ఏడు నెలలు

మాది సరుకు రవాణా కంపెనీ. ఆఫీసు విశాఖపట్నం ద్వారకానగర్‌లో, గోడౌన్ గాజువాక ఆటోనగర్‌లో. రెండు చోట్లా కలిపి 90 మంది దాకా కంప్యూటర్ల ముందు కూర్చుంటారు, ఏది ఆగినా ఫోన్ నాకే. మొన్నమొన్నటి దాకా ఫిర్యాదులన్నీ వాట్సాప్ గ్రూపులోనే. శుభోదయం పువ్వుల మధ్య "ప్రింటర్ పోయింది" అన్న మెసేజ్ ఏరుకోవడం నా పొద్దుటి పని. విసుగొచ్చి ఐటాప్ (iTop) పెట్టాను. ఒక్కో ఫిర్యాదునూ ఒక్కో టికెట్‌గా నమోదు చేసి, అది తీరేదాకా వెంటపడే హెల్ప్‌డెస్క్ సాఫ్ట్‌వేర్ అది. ఫ్రాన్స్‌కు చెందిన కాంబోడో వాళ్ళు తయారుచేశారు. కమ్యూనిటీ ఎడిషన్‌కు డబ్బు కట్టక్కర్లేదు. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ వచ్చిన వాళ్ళకు ఎక్కించడం ఒక పూట పని. సర్వీస్ కేటలాగు, అంటే మా దగ్గర ఏయే సాయం అడగొచ్చో చెప్పే జాబితా రాయడానికి మాత్రం నాకు మూడు వారాలు పట్టింది, అందుకే ఈ రివ్యూ అంతా దాని గురించే.

ఈ కేటలాగులో పైన సర్వీస్ ఫ్యామిలీ, దాని కింద సర్వీసు, దాని కింద సబ్‌కేటగిరీ. సబ్‌కేటగిరీ రాసేటప్పుడు అది ఇన్సిడెంటా, సర్వీస్ రిక్వెస్టా అని చెప్పాలి. "మెయిల్ రావట్లేదు" మొదటి రకం, "కొత్త మెయిల్ ఐడీ కావాలి" రెండో రకం. ఇక్కడిదాకా సాఫీగా వెళ్ళింది. అన్నీ రాసి, స్టేటస్ ప్రొడక్షన్‌లో (అంటే వాడకానికి సిద్ధమని) పెట్టి, గోడౌన్ సూపర్‌వైజర్ లాగిన్‌తో యూజర్లు ఫిర్యాదులు రాసే పోర్టల్ తెరిస్తే ఏమీ లేదు. ఖాళీ. ఒక సాయంత్రమంతా దాంతోనే పోయింది.

నేను మర్చిపోయింది కస్టమర్ కాంట్రాక్టు. ప్రతి యూజరూ ఏదో ఒక ఆర్గనైజేషన్ కింద ఉంటాడు. ఆ ఆర్గనైజేషన్ పేరు మీద ఒక కాంట్రాక్టు ఉండి, అందులో సర్వీసును చేరిస్తేనే వాళ్ళకు కనిపిస్తుంది. సొంత మనుషులతో కాంట్రాక్టేమిటని మొదట నవ్వొచ్చింది. ఆఫీసునీ గోడౌన్‌నీ వేరువేరు ఆర్గనైజేషన్లుగా విడగొట్టాక దాని సుఖం తెలిసింది. టాలీ గొడవ గోడౌన్ వాళ్ళకు కనిపించదు, బార్‌కోడ్ గొడవ అకౌంట్స్ వాళ్ళకు కనిపించదు.

అసలు తిప్పలు పేర్ల దగ్గర. పుస్తకంలో చదివినట్టు "పెరిఫెరల్ డివైస్ సపోర్ట్" అని రాసుకున్నాను, చూసుకుని మురిసిపోయాను కూడా. మర్నాడే గోడౌన్ నుంచి ఫోన్. "ఏటి సార్, అంతా చూసేను, ఇందులో కాటా ఏదీ?" లారీ తూచే కాటాకు, కంప్యూటర్‌కు మధ్య ఒక సీరియల్ కేబుల్ ఉంటుంది. దాని స్క్రూలు వదులైతే తెర మీద బరువు రాదు, గేటు దగ్గర లారీలు బారులు తీరతాయి. మాకు అంతకన్నా అర్జంటు పని లేదు. అలాంటిదానికి కేటలాగులో పేరే లేదు! ఆ రోజే "కాటా" అని ఒక సర్వీసు తెరిచి, "బరువు కనిపించట్లేదు", "స్లిప్పు ప్రింట్ అవట్లేదు" అని రెండు సబ్‌కేటగిరీలు పెట్టాను. తెలుగు అక్షరాలు హాయిగా తీసుకుంది. మిగతావీ అలాగే మార్చి, మొత్తం 46 వరసలు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) ఇంపోర్ట్‌తో ఎక్కించాను. ఒక్క జాగ్రత్త: ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. యూటీఎఫ్-8 రకం ఎంచుకోండి. ఇది నేను ఎక్కించాక చూసుకున్నాను.

ఎస్‌ఎల్‌ఏ, అంటే ఏ పని ఎంతసేపట్లో చేస్తామో ముందే ఒప్పుకునే గడువుల భాగం, నాకు బాగా నచ్చింది. టికెట్‌ను ఎవరో ఒకరు అందుకోవడానికి ఒక గడువు, పరిష్కరించడానికి ఇంకో గడువు, ప్రయారిటీని బట్టి వేరువేరుగా రాసుకోవచ్చు. విడి భాగం కోసం ఆగాల్సి వచ్చి టికెట్‌ను పెండింగ్‌లో పెడితే గడియారం ఆగుతుంది. గడువులో 75 శాతం గడిచినప్పుడు మెయిల్ వచ్చేలా ట్రిగ్గర్ పెట్టుకోవచ్చు, పూర్తిగా మీరితే టికెట్ దానంతటదే ఎస్కలేట్ అవుతుంది, అంటే గడువు దాటిందన్న స్థితికి మారుతుంది. వెనకాల క్రాన్ (వేళకు పనులు చేయించే ప్రోగ్రామ్) నడుస్తుండాలి, అది మరిస్తే ఇవేవీ జరగవు.

ఇక ఆదివారం సంగతి. పని వేళలు విడిగా చెప్పకపోతే లెక్క 24 గంటలూ నడుస్తుంది. మాన్యువల్ ఆ పేజీ దాకా నేను చదవలేదు. ఒక శనివారం సాయంత్రం 6 గంటలకు ప్రింటర్ టికెట్ వచ్చింది, గడువు 8 గంటలు. అర్ధరాత్రి 12కి నా ఫోన్ మోగింది, 2కి మళ్ళీ మోగింది. మా ఆవిడ అడిగిందేమిటో ఇక్కడ రాయను. పని గంటలు లెక్కగట్టే ఎక్స్‌టెన్షన్ కాంబోడో వాళ్ళదే ఉంది, సోమవారం పొద్దున్నే వేసేశాను.

తెరలు కాస్త పాతకాలం పద్ధతి, ఒక రికార్డు నుంచి ఇంకోదానికి తిరగడం ఎక్కువ. ఒక్క మనిషి నడిపే హెల్ప్‌డెస్క్‌కు మొదట్లో బరువనిపిస్తుంది. ఐదుకు నాలుగిస్తాను.

ఇప్పుడు హైదరాబాద్ బ్రాంచికి కూడా పెట్టమంటున్నారు. వాళ్ళకు ఇంకో కాంట్రాక్టు రాయాలి, కాటా వరస తీసేసి.