రిట్ వేయడానికి ఢిల్లీకా, మన హైకోర్టుకా?

ప్రభుత్వం హద్దు మీరితే, రిట్ (అధికారులకు కోర్టు ఇచ్చే ఆదేశం) కోరడానికి పౌరుడికి రెండు తలుపులున్నాయి: రాజ్యాంగం 32వ అధికరణం కింద సుప్రీంకోర్టు, 226 కింద హైకోర్టు.

పేరు 32దే. రాజ్యాంగానికి ఆత్మ, హృదయం అదేనన్నారు అంబేద్కర్. అదే ఒక ప్రాథమిక హక్కు కూడా. ముందు హైకోర్టుకు వెళ్లి రావాలన్న షరతు లేదని 1950లో రమేశ్ థాపర్ కేసులోనే తేలింది. కానీ ప్రాథమిక హక్కు దెబ్బతింటేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. పైగా ఈమధ్య చాలామందిని 'ముందు హైకోర్టుకు వెళ్లండి' అని తిప్పి పంపుతున్నారు.

226 పరిధి ఇంకా పెద్దది. ప్రాథమిక హక్కులకే కాదు, 'మరే ఇతర ప్రయోజనానికైనా' రిట్ ఇవ్వొచ్చు. పింఛను ఆగినా, లైసెన్సు అన్యాయంగా రద్దయినా ఇక్కడికే. అయితే ఇది కోర్టు విచక్షణ. అప్పీలు మార్గం ఉంటే సాధారణంగా అటే పొమ్మంటారు.

ఒకప్పుడు 226కు పెద్ద లోపం ఉండేది. సాకా వెంకట సుబ్బారావు కేసులో, ఢిల్లీలోని ఎన్నికల సంఘంపై మద్రాసు హైకోర్టు రిట్ చెల్లదని 1953లో సుప్రీంకోర్టు చెప్పింది. 1963లో 15వ సవరణ వచ్చాకే, వివాదం పుట్టిన చోటి హైకోర్టు కూడా కేంద్రాన్ని నిలదీయగలిగింది.

నన్నడిగితే హైకోర్టే మేలు. ఓడితే సుప్రీంకోర్టులో అప్పీలుకు ప్రయత్నించవచ్చు. నేరుగా 32 కింద ఓడితే, రివ్యూ (తీర్పును మళ్లీ చూడమని అదే కోర్టును కోరడం), క్యూరేటివ్ (రివ్యూ కూడా పోయాక చివరి అభ్యర్థన) పిటిషన్లు తప్ప పైన ఇంకేం లేదు.