25వ నంబరు నకమురా జెర్సీ: తిరుపతిలో చేయించుకున్న అనుభవం

ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో రోజూ సాయంత్రం బంతాడే మా అన్న కొడుకుది ఎడమకాలి వాటం. వాడి పుట్టినరోజుకు, వాడిలాగే ఎడమకాలి వాటమున్న జపాన్ ఫుట్‌బాల్ ఆటగాడు షున్‌సుకే నకమురా జెర్సీ ఇవ్వాలని, తిలక్ రోడ్డుకు దగ్గరలో జట్లకు దుస్తులు కుట్టి అంకెలు అతికించి ఇచ్చే ఒక చిన్న దుకాణంలో గత నెల ఆర్డరిచ్చాను. ఆకుపచ్చ, తెలుపు అడ్డచారలు, వీపున తెలుగులో ఆయన పేరు, దాని కింద 25 అంకె కావాలని కాగితం మీద రాసిచ్చాను. మొత్తం 650 రూపాయలైంది.

మొదటిసారి 10 అంకె వేసి ఇచ్చారు. అడిగితే, "ఈయన నంబరు పదే కదా సామీ" అంటూ దుకాణంలోని కుర్రవాడు సెల్‌ఫోనులో నీలం చొక్కా బొమ్మ చూపించాడు. ఆ మాటా అబద్ధం కాదు. జపాన్ జట్టుకు నకమురా ఎక్కువగా ఆడింది 10తోనే. కానీ ఆకుపచ్చ చారల మీద, అంటే స్కాట్లాండ్‌లోని సెల్టిక్ క్లబ్బులో, ఆయనది 25. నాకు కావలసింది ఆ 25 వెనకున్న కథ.

బక్కపలచగా ఉన్నాడని జపాన్‌లోని యోకొహామా మారినోస్ క్లబ్బు తన యువజట్టులోకి తీసుకోకపోతే హైస్కూల్ జట్టులో ఆడి, 1997లో అదే క్లబ్బు సీనియర్ జట్టులో చేరి, 2000లో జపాన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన జె లీగ్‌లో ఉత్తమ ఆటగాడైన మనిషికి, సొంతగడ్డ మీద జరిగిన 2002 ప్రపంచ కప్ జట్టులో చోటు దక్కలేదు. ఆ ఏడాదే ఇటలీలోని రెజ్జీనాకు వెళ్లి, అక్కడి నుంచి 2005లో సెల్టిక్ చేరాడు. 2006 నవంబరు 21న ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌పై ఆయన కొట్టిన ఫ్రీ కిక్ (ఎదుటి జట్టు తప్పుకు దక్కే తన్ను) గోడకట్టి నిలబడ్డవాళ్ల మీదుగా లేచి, వంపు తిరిగి, గోల్‌కీపర్ వాన్ డెర్ సార్ చేతికి అందకుండా పైమూలలో పడింది. 1-0 గెలుపుతో సెల్టిక్ తొలిసారి యూరప్ క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ దశకు చేరింది. ఆ గోల్ ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. తరువాత స్పెయిన్‌లో ఎస్పాన్యోల్‌కు కొంతకాలం ఆడి, 2010లో మారినోస్‌కే తిరిగివచ్చి, 2013లో, 35 ఏళ్ల వయసులో, మళ్లీ జె లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. బూట్లు విప్పింది 2022లో, 44 ఏళ్లకు.

ఇదంతా చెబితే కుర్రవాడు శ్రద్ధగా విని, అదనంగా పైసా తీసుకోకుండా రెండు రోజుల్లో కొత్త జెర్సీ ఇచ్చాడు. పాలిస్టర్ గుడ్డ పలచగా ఉంది. మన ఎండలో గంటసేపు ఆడినా ఒంటికి అతుక్కోలేదు. చంకల దగ్గర జంట కుట్లు గట్టిగా ఉన్నాయి. అక్షరాల విషయంలో మాత్రం మరింత జాగ్రత్త అవసరం. అతికించే రబ్బరు షీటును యంత్రం కోసేటప్పుడు "ము" కొమ్ము మరీ సన్నబడింది. నాలుగో ఉతుకుకే దాని కొస లేచి గోటికి తగులుతోంది. పట్టుకెళితే మళ్లీ వేడిపెట్టి అతికించారు, తిరగేసి చన్నీళ్లలో ఉతకమన్నారు. తెలుగులో పేరు వేయించుకునేవారు అక్షరాలు లావుగా ఉండాలని ముందే చెప్పాలి. కొలత కూడా ఒక సైజు పెద్దది తీసుకోవడం మంచిది, భుజాల దగ్గర బిగుతుగా కుడుతున్నారు.

10 అంకె వేసిన జెర్సీని వాళ్లే ఉంచుకున్నారు. నీలం గుడ్డ మీద అదే అంకెతో ఇంకొకటి, ఈసారి నా కొలతకు, కుట్టమని చెప్పి వచ్చాను.